గల్లిపోలి ఒక్కటే కాదు: ఆస్ట్రేలియా సైన్య చరిత్రలో తెలుసుకోవలసిన ఘట్టాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ అమ్మాయిని బడిలో ఆస్ట్రేలియా సైన్య చరిత్ర నుంచి ఒక ముఖ్య ఘట్టాన్ని ఎంచుకుని వ్యాసం రాయమన్నారు. ఎవరిని అడిగినా గల్లిపోలి అంటున్నారు. ఓడిపోయి వెనక్కి వచ్చిన యుద్ధాన్ని ఒక దేశం ఏటా ఏప్రిల్ 25న తెల్లవారుజామునే లేచి ఎందుకు స్మరించుకుంటుందో, అది కాక చెప్పుకోదగినవి ఇంకేమున్నాయో మీకు తెలియాలి. నేను కాన్‌బెర్రాలో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. చరిత్ర పాఠాలు చెప్పడం వృత్తి కావడం వల్ల ఈ విషయం మీద చాలాకాలంగా చదువుతున్నాను, పిల్లలకు చెబుతున్నాను. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక లెక్క మనసులో పెట్టుకోండి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆస్ట్రేలియా జనాభా 50 లక్షలకు తక్కువ. అదే కాలంలో మన నిజాం రాజ్యం ఒక్కదానిలోనే కోటీ ముప్పై లక్షల మంది ఉండేవారు. అంత చిన్న దేశం నుంచి 4,16,809 మంది సైన్యంలో చేరారు. ఎవరినీ బలవంతంగా చేర్చలేదు, అందరూ తమంతట తాము వచ్చినవారే. వారిలో 60 వేల మందికి పైగా తిరిగి రాలేదు. పోయినవారి స్థానంలో కొత్తవారిని పంపడానికి వెనుక పెద్ద జనసంఖ్య లేదు కాబట్టి, ఏ సేనానాయకుడు మనుషుల ప్రాణాలను వృథా చేశాడు, ఎవరు కాపాడాడు అన్న ప్రశ్న ఆ సైన్యానికి మొదటి నుంచీ ప్రాణసంకటమైన ప్రశ్న అయింది. నా దృష్టిలో ఆ సైన్య చరిత్రలోని ఘట్టాలన్నింటినీ కలిపే దారం ఇదే. గల్లిపోలిని కూడా ఈ దారం పట్టుకునే చూడాలి.

1915 ఏప్రిల్ 25 తెల్లవారుజామున టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలు దిగిన సంగతి మీ అమ్మాయికి పాఠంలోనే వచ్చి ఉంటుంది కనుక దానిని వదిలేస్తాను. పాఠాల్లో తక్కువగా కనిపించే ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ ఉదయం వారితోపాటు మన దేశం నుంచి వెళ్లిన పర్వత ఫిరంగిదళాలు కూడా దిగాయి. ఫిరంగులను విడదీసి కంచరగాడిదల మీద మోసుకెళ్లే దళాలవి. ఆ నిటారు కొండల మీదికి మొదటిరోజు ఎక్కగలిగిన ఫిరంగులు వారివే. ఆస్ట్రేలియా పిల్లలందరికీ తెలిసిన, గాడిద మీద క్షతగాత్రులను చేరవేసిన సింప్సన్ అనే వైద్యదళ సైనికుడు తన విడిదిని భారతీయ ఫిరంగిదళం దగ్గరే పెట్టుకున్నాడు. దిగిన మూడున్నర వారాలకు, మే 19న, అతడు చనిపోయాడు.

ప్రాణాలు వృథా కావడం అంటే ఏమిటో తెలియాలంటే అదే ఏడాది ఆగస్టు 7 ఉదయం నెక్ అనే ఇరుకు గట్టు మీద జరిగినదాన్ని చదవాలి. గుర్రాలను ఈజిప్టులో వదిలి కాలినడకన పోరాడుతున్న అశ్వికదళ సైనికులు, వరుసకు 150 మంది చొప్పున నాలుగు వరుసలుగా, టర్కీ మెషీన్ గన్‌ల ఎదుటికి పరుగెత్తాలి. ముందుగా శత్రువు కందకాల మీద కురవవలసిన ఫిరంగి గుండ్లు నిర్ణీత సమయానికి ఏడు నిమిషాల ముందే ఆగిపోయాయి. ఆ ఏడు నిమిషాల్లో టర్కీ సైనికులు తిరిగి కందకాల్లోకి వచ్చి సిద్ధంగా నిలబడ్డారు. మొదటి వరుస కందకం నుంచి పైకి లేచిన క్షణాల్లోనే నేలకొరిగింది. రెండో వరుస అది చూసి కూడా లేచింది. ఇక పంపవద్దని ముందు వరుసలోని అధికారి స్వయంగా వెనక్కి వెళ్లి అడిగినా, దాడి కొనసాగించమన్న ఉత్తర్వే వచ్చింది. మూడు టెన్నిస్ మైదానాలంత నేల మీద 234 మంది చనిపోయారు.

దాని పక్కనే, నాలుగు నెలల తర్వాత జరిగిన మరో ఘట్టాన్ని ఉంచి చూడండి. డిసెంబరులో ద్వీపకల్పాన్ని ఖాళీ చేయాలని నిర్ణయించారు. కొన్నిచోట్ల శత్రువు కందకాలు పది పదిహేను గజాల దూరంలోనే ఉన్నాయి. వెళ్లిపోతున్నట్లు పసిగడితే చాలు, సముద్రపు ఒడ్డున పడవల కోసం నిలబడ్డవారిని ఊచకోత కోస్తారు. ఉపసంహరణలో సగం మందిని కోల్పోవలసి రావచ్చని అంతకుముందు సర్వసేనాని హామిల్టన్ అంచనా వేశాడు. ఈ పని ప్రణాళికలో ముఖ్యపాత్ర వహించిన బ్రూడెనెల్ వైట్ అనే ఆస్ట్రేలియా అధికారి మాత్రం శత్రువును కొన్ని వారాల ముందు నుంచే నిశ్శబ్దానికి అలవాటు చేయాలని ఆలోచించాడు. నవంబరు చివరి వారంలో మూడు రోజులపాటు తూటా పేల్చవద్దని ఉత్తర్వులిచ్చారు. వీళ్లు చలికాలానికి ముడుచుకుని కూర్చున్నారేమోనని టర్కీ సైనికులు తొంగి చూడటానికి ముందుకు వస్తే, అప్పుడు కాల్చారు. మౌనంగా ఉన్నంత మాత్రాన కందకాలు ఖాళీ అయినట్లు కాదన్న నమ్మకం అలా వారిలో నాటుకుంది. డిసెంబరు 17న షెల్ గ్రీన్ అనే చదును నేల మీద క్రికెట్ కూడా ఆడారు, అంతా మామూలుగానే ఉందని కొండ మీది నుంచి చూసేవారు అనుకోవాలని.

ఇక చివరి రాత్రి. కందకాల్లో మిగిలిన కొద్దిమంది బూట్లకు గోనెగుడ్డ చుట్టుకున్నారు. ఒడ్డుకు వెళ్లే దారుల మీద చింపిన కంబళ్లు పరిచారు. అందరూ వెళ్లిపోయాక కూడా తుపాకులు పేలుతూ ఉండాలి కదా, దానికి స్కరీ అనే కుర్ర సైనికుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. కందకం గోడ మీద తుపాకీని కదలకుండా అమర్చి, రెండు ఖాళీ డబ్బాలు తీసుకున్నాడు. పై డబ్బాలో నీళ్లు పోసి అడుగున సన్నటి చిల్లు పెట్టాడు. కింది డబ్బాను తాడుతో తుపాకీ ట్రిగ్గర్‌కు కట్టాడు. నీరు చుక్క చుక్కగా కారి కింది డబ్బా బరువెక్కగానే తాడు లాగుకుని తుపాకీ పేలుతుంది. చిల్లు పెద్దదైతే త్వరగా, చిన్నదైతే ఆలస్యంగా. ఇలా అమర్చిన తుపాకులు చివరి సైనికుడు పడవ ఎక్కాక కూడా అక్కడక్కడా పేలుతూనే ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలు దిగిన అన్జాక్, దాని పక్కనున్న సువ్లా తీరాల నుంచి కలిపి 80 వేల మందికి పైగా బయటపడ్డారు. గాయపడినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గల్లిపోలిలో 8 వేల మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు. ఆ మొత్తం దండయాత్రలో చక్కగా ఆలోచించి, చక్కగా అమలు చేసిన పని ఏదైనా ఉంటే అది ఈ నిష్క్రమణే అని నా గట్టి అభిప్రాయం.

ఓడిన యుద్ధాన్ని ఎందుకు తలచుకుంటారన్న మీ సందేహానికి నా సమాధానం ఇది. ఆరు వలస రాష్ట్రాలు కలిసి ఆస్ట్రేలియా ఒక దేశమై అప్పటికి పద్నాలుగేళ్లే. ఆ దేశం పేరుతో వెళ్లిన దళం పెద్ద యుద్ధంలో దిగడం అదే మొదలు. ప్రతి ఊరి నుంచి ఎవరో ఒకరు వెళ్లారు. చనిపోయినవారి శరీరాలను స్వదేశానికి తెచ్చే ఆనవాయితీ లేదు. అందుకే ఎంత చిన్న పల్లెకు వెళ్లినా కూడలిలో ఒక రాతి స్తంభం, దాని మీద పేర్ల వరుస కనిపిస్తాయి. కొడుకు సమాధి ఎక్కడో సముద్రాల అవతల ఉన్న తల్లికి పువ్వు పెట్టుకునే చోటు అదే. ఏప్రిల్ 25 ఆ ఇళ్లకు విజయోత్సవం ఎప్పుడూ కాలేదు, ఏడాదికొకసారి పెద్దలను తలచుకునే తిథి లాంటిదే అయింది.

గల్లిపోలి తర్వాత ఫ్రాన్స్‌లో జరిగినది ఇంకా ఘోరం. 1916 జులై 19 సాయంత్రం ఫ్రొమెల్ వద్ద దిగిన 5వ డివిజన్ తెల్లవారేసరికి 5,533 మందిని కోల్పోయింది. వారిలో దాదాపు రెండు వేల మంది చనిపోయినవారు. ఆ దేశ చరిత్రలో ఒక్క రాత్రిలో అంత నష్టం మళ్లీ ఎప్పుడూ జరగలేదు. మరో నాలుగు రోజులకే పొజియేర్ అనే గ్రామం కోసం పోరు మొదలై, ఆరు వారాల్లో 23 వేల మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఫ్రొమెల్ వద్ద జర్మన్లు పూడ్చిపెట్టిన 250 మంది సైనికుల సామూహిక సమాధి 90 ఏళ్లకు పైగా ఎవరికీ పట్టలేదు. మెల్‌బోర్న్‌కు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పట్టువదలకుండా వెంటపడడంతో 2009లో తవ్వి తీశారు. బంధువుల డీఎన్‌ఏతో పోల్చి ఇప్పటికి 160 మందికి పైగా సైనికుల పేర్లు తేల్చి, ఒక్కొక్కరికి విడివిడిగా సమాధి కట్టారు. తమ తాత తమ్ముడి పేరు రాతి మీద చూసుకోవడానికి మనవళ్లు అక్కడికి వెళ్లడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది.

ఈ నష్టాల దెబ్బకు ప్రధాని బిల్లీ హ్యూస్ నిర్బంధ సైనిక సేవ కోసం 1916లో ఒకసారి, 1917లో మరోసారి ప్రజల ఓటు కోరాడు. రెండుసార్లూ ప్రజలు వద్దన్నారు. అంటే ఉన్నవారితోనే యుద్ధం ముగించాలి. ఆ పరిస్థితిలో 1918 మే నెలాఖరున ఫ్రాన్స్ రంగంలోని ఆస్ట్రేలియా దళాలన్నింటికీ నాయకుడైన జాన్ మొనాష్ వృత్తిరీత్యా సివిల్ ఇంజినీరు. మెల్‌బోర్న్‌లో పుట్టిన యూదుడు, తల్లిదండ్రులు ప్రష్యా నుంచి వచ్చినవారు. వంతెనలు కట్టినవాడు కాబట్టి, ఏ దూలం ఎంత బరువు మోస్తుందో లెక్క వేయకుండా పని మొదలుపెట్టే అలవాటు ఆయనకు లేదు.

1918 జులై 4న జరిగిన హామెల్ యుద్ధం ఆ లెక్కకు నిదర్శనం. మీ అమ్మాయి చదివే పుస్తకంలో ఇది రెండు వాక్యాలకు మించి ఉండకపోవచ్చు గాని, నేను మాత్రం ఎక్కువసేపు చెప్పే పాఠం ఇదే. అంతకు ఏడాది ముందు బుల్లెకూర్ వద్ద ట్యాంకులను నమ్ముకుని ముందుకు వెళ్తే అవి మొరాయించడంతో, 4వ బ్రిగేడ్‌కు చెందిన 3,000 మందిలో 2,300 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. ట్యాంకు అన్న మాట వింటేనే ఆ సైనికులకు ఒళ్లు మండేది. హామెల్‌లో మళ్లీ అదే బ్రిగేడ్ ట్యాంకుల వెంట నడవాలి. మొనాష్ వారిని విడతల వారీగా వెనక్కి పంపి ట్యాంకు సిబ్బందితో కలిసి సాధన చేయించాడు. సైనికులు ట్యాంకులెక్కి తిరిగారు, లోపల కూర్చుని చూశారు, వాటి మీద తమ బెటాలియన్ గుర్తులు వేసుకున్నారు. చివరి సమావేశంలో 133 అంశాలను ఒక్కొక్కటిగా నాలుగున్నర గంటలపాటు చర్చించి, ఎవరి సందేహాలు వారు అక్కడే తీర్చుకునేట్లు చేశాడు. అక్కడ ఒప్పుకున్నాక ఇక మార్పు ఉండదు.

దాడికి ముందు కొన్ని రోజులపాటు ప్రతి ఉదయం విషవాయువు గుండ్లు, పొగ గుండ్లు కలిపి కురిపించారు. పొగ కనపడితే ముసుగులు తగిలించుకోవాలని జర్మన్ సైనికులకు అలవాటైంది. అసలు రోజున పొగ మాత్రమే వదిలారు. విషవాయువు లేదు కనుక ఆస్ట్రేలియన్లు ముసుగు లేకుండా పరుగెత్తారు. జర్మన్లు ముసుగుల్లో సరిగ్గా చూడలేక, ఊపిరాడక చిక్కుకున్నారు. ట్యాంకుల చప్పుడు వినపడకుండా విమానాలను పైన తిప్పారు. మందుగుండును విమానాల నుంచి పారాచూట్లతో దింపారు. 1,200 మంది తలల మీద మోయవలసిన సామాన్లను నాలుగు రవాణా ట్యాంకులు మోశాయి. అమెరికా నుంచి కొత్తగా వచ్చిన నాలుగు కంపెనీలు కూడా పాల్గొన్నాయి. వారి స్వాతంత్ర్య దినోత్సవమనే జులై 4ను ఎంచుకున్నారు. మొనాష్ 90 నిమిషాలు అనుకున్న పని 93 నిమిషాల్లో ముగిసింది. ఆస్ట్రేలియన్లు, అమెరికన్లు కలిపి దాదాపు 1,400 మంది మరణించడమో గాయపడడమో జరిగింది. అది చిన్న సంఖ్య అని నేను అనను, కాని పొజియేర్ పక్కన పెట్టి చూసినప్పుడు ఏం మారిందో తెలుస్తుంది. అయిదు వారాల తర్వాత, ఆగస్టు 8న, ఇదే పద్ధతిని అమియాన్ వద్ద చాలా పెద్ద ఎత్తున అనుసరించారు. జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ ఆ రోజును తన సైన్యానికి చీకటి రోజుగా రాసుకున్నాడు.

తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన భాగం పాలస్తీనా రంగంలో ఉంది. 1917 అక్టోబరు 31 సాయంత్రం, బేర్షెబా పట్టణంలోని బావులను చీకటి పడేలోగా చేజిక్కించుకోకపోతే దాహంతో ఉన్న గుర్రాలు నిలవలేవన్న స్థితిలో, 800 మంది ఆస్ట్రేలియా అశ్వికులు కత్తులు లేక తుపాకీ బయొనెట్లనే చేత పట్టుకుని, కందకాల మీదుగా గుర్రాలను దూకించి పట్టణాన్ని గెలుచుకున్నారు. వారిలో చనిపోయినవారు 31 మంది. ఆ రంగంలోని అశ్వికదళ కోర్‌కు, అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళానికి, నాయకుడు హ్యారీ షోవెల్ అనే ఆస్ట్రేలియా సేనాని. ఒక కోర్‌ను నడిపిన మొదటి ఆస్ట్రేలియన్ ఆయనే. 1918లో ఆయన కింద భారతీయ అశ్వికదళాలు కూడా పనిచేశాయి. వాటిలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతోపాటు మన హైదరాబాద్ లాన్సర్లు ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి కూడలిలో నిలబడి ఉన్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల అశ్వికులవే. ఆ విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుదని తెలిసినవారు కూడా, ఆ రౌతులు ఒక ఆస్ట్రేలియా సేనాని ఆజ్ఞల మీద డమాస్కస్ వైపు సాగారని వింటే ఆశ్చర్యపోవడం చాలాసార్లు చూశాను.

రెండో ప్రపంచ యుద్ధానికి వస్తే, 1941లో లిబియాలోని తోబ్రుక్ రేవును జర్మన్ సేనాని రోమెల్ ముట్టడించినప్పుడు లోపల నిలిచినవారిలో 14 వేల మంది ఆస్ట్రేలియన్లే. ఏప్రిల్‌లో జర్మన్ ట్యాంకులు చొచ్చుకు వస్తే, కందకాల్లోని పదాతి సైనికులు పారిపోకుండా, ట్యాంకులను తమ మీదుగా పోనిచ్చి, వాటి వెనుక వస్తున్న జర్మన్ పదాతి దళాన్ని అడ్డుకున్నారు. ఒంటరిగా లోపలికి వచ్చిన ట్యాంకుల పని ఫిరంగులు చూసుకున్నాయి. బొరియల్లో ఎలుకల్లా చిక్కారని జర్మన్ రేడియో ఎద్దేవా చేస్తే, వారు ఆ పేరునే గర్వంగా పెట్టుకున్నారు.

1942 మొదలవుతూనే కష్టకాలం దాపురించింది. జనవరిలో మలయాలోని మువార్ నది వద్ద రెండు ఆస్ట్రేలియా బెటాలియన్లు, అనుభవం లేని కుర్రాళ్లతో నిండిన భారతీయ 45వ బ్రిగేడ్ కలిసి జపాన్ సేనను ఎదుర్కొన్నాయి. బ్రిగేడ్ నాయకుడు చనిపోగా ఆండర్సన్ అనే ఆస్ట్రేలియా అధికారి అందరినీ తన కిందికి తీసుకుని పోరాడుతూ వెనక్కి నడిపాడు. పరిత్ సులాంగ్ వంతెన వద్ద దారి మూసుకుపోయింది. నడవలేని క్షతగాత్రులను వదిలి అడవుల్లోకి వెళ్లవలసి వచ్చింది. అక్కడ చిక్కిన దాదాపు 150 మంది ఆస్ట్రేలియా, భారతీయ క్షతగాత్రులను జపాన్ సైనికులు చంపేశారు. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. జపాన్‌కు బందీలైన 22 వేల మందికి పైగా ఆస్ట్రేలియన్లలో మూడో వంతు మంది చెరలోనే చనిపోయారు. వారిలో వేలమందిని బర్మా-సయాం (నేటి థాయిలాండ్) రైలుమార్గం పనికి పంపారు. అదే పనికి మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన భారతీయ కూలీలలో తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. సైనికుల పేర్లకు జాబితాలున్నాయి, స్మారకాలున్నాయి. ఆ కూలీల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. మీ అమ్మాయి ఈ అంశాన్ని ఎంచుకుంటే ఈ ఒక్క వాక్యాన్నీ వదలవద్దని చెప్పండి.

కొకోడా గురించి అడిగితే ఏ ఆస్ట్రేలియన్ అయినా కాసేపు మౌనంగా ఉండి మాట్లాడతాడు. 1942 జులైలో జపాన్ సేన, ఆస్ట్రేలియాకు ఉత్తరాన న్యూ గినీ దీవిలో ఉన్న పాపువా ఉత్తర తీరంలో దిగి, ఓవెన్ స్టాన్లీ పర్వతాలను దాటి దక్షిణ తీరంలోని పోర్ట్ మోర్స్‌బీ పట్టణం చేరాలని బయలుదేరింది. మధ్యనున్నది కొకోడా గ్రామం మీదుగా సాగే దాదాపు 96 కిలోమీటర్ల కాలిబాట; మోకాలిలోతు బురద, ఎడతెగని వాన, నిటారు కొండలు. అనుభవమున్న డివిజన్లు వేరే రంగాల నుంచి వస్తూ ఉండగా, ముందుగా అడ్డు నిలిచినది 39వ బెటాలియన్. విక్టోరియా రాష్ట్రం నుంచి వచ్చిన మిలీషియా, అంటే స్వదేశ రక్షణ కోసం ఉంచిన దళం, కుర్రాళ్లు. చాలామందికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఎండ తగిలితే కరిగిపోయే చాక్లెట్ సైనికులని స్వదేశంలో వారిని హేళన చేసేవారు. ఆగస్టు చివర ఇసురావ గ్రామం వద్ద వారు దాదాపు పూర్తిగా చుట్టుముట్టబడే స్థితికి వచ్చారు. పోరాడలేని స్థితిలో వెనక్కి పంపేసిన 30 మంది రోగులకు, క్షతగాత్రులకు దారిలో ఆ వార్త తెలిసింది. వారిలో 27 మంది వెనుదిరిగి యుద్ధానికి వచ్చారు. రానివారు ముగ్గురే: ఒకరికి పాదం పోయింది, ఒకరి గొంతులో తూటా ఉంది, ఒకరి ముంజేయి తెగిపోయింది. ఈ మాట వారి నాయకుడు రాల్ఫ్ హానర్ రాసి ఉంచినది.

ఆ పోరాటానికి నాయకత్వం వహించిన బ్రిగేడియర్ పాట్స్, తమకన్నా పెద్ద సేనను ఒక్కసారిగా ఢీకొని నాశనం కాకుండా, ప్రతి గట్టు దగ్గర ఆపి, నష్టపరచి, వెనక్కి జరుగుతూ వచ్చాడు. జపాన్ సైనికుల ఆహారం అయిపోయింది, వారు పోర్ట్ మోర్స్‌బీ దీపాలు కనుచూపు మేరలోకి వచ్చాక వెనుదిరగవలసి వచ్చింది. నవంబరు 2న కొకోడా తిరిగి ఆస్ట్రేలియన్ల చేతికి వచ్చింది. అయినా మార్గమధ్యంలోనే పాట్స్‌ను పదవి నుంచి తప్పించారు. నవంబరు 9న సర్వసేనాని బ్లేమీ, అలసి చిక్కిపోయిన ఆ సైనికులనే వరుసలో నిలబెట్టి, పరుగెత్తే కుందేలుకే తూటా తగులుతుందని హితబోధ చేశాడు. పారిపోయారన్న నింద అందులో ఉందని విన్నవారందరికీ అర్థమైంది. నా లెక్కలో సైనికుల ప్రాణాలు కాపాడుతూ దేశాన్ని కాపాడినవాడు పాట్స్. ఆయనకు జరిగిన అన్యాయాన్ని ఇప్పటి చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటున్నారు. క్షతగాత్రులను ఆ కొండల మీదుగా భుజాల మీద మోసిన పాపువా కూలీలకు దక్కిన గుర్తింపు మాత్రం చాలా ఆలస్యమైంది, చాలా తక్కువ.

కొరియా యుద్ధంలో 1951 ఏప్రిల్ 24న కప్యాంగ్ లోయలో ఒక్క ఆస్ట్రేలియా బెటాలియన్, కెనడా బెటాలియన్‌తో కలిసి, సియోల్ వైపు దూసుకొస్తున్న చైనా సేనను నిలువరించింది. అందులో ఒక కంపెనీని నడిపిన రెజ్ సాండర్స్ ఆస్ట్రేలియా సైన్యంలో అధికారి హోదా పొందిన మొదటి ఆదివాసీ. స్వదేశంలో తన జనానికి పూర్తి పౌరహక్కులు లేని రోజుల్లో ఆయన అక్కడ నిలిచాడు. ఆ బెటాలియన్లు ఉన్న బ్రిగేడ్‌కు వైద్యసేవలు అందించినది మన 60వ ఫీల్డ్ ఆంబులెన్స్ అన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది.

వియత్నాంలో లాంగ్ తాన్ గురించి మీరు ఇప్పటికే విని ఉంటారు. 1966 ఆగస్టు 18న, ఒక రబ్బరు తోటలో, కుండపోత వానలో 108 మంది ఉన్న ఒక కంపెనీ దాదాపు రెండు వేల మంది శత్రుసైనికులను ఎదుర్కొంది. ఇరవై ఏళ్ల యువకుల పుట్టినతేదీలను లాటరీ తీసి సైన్యంలోకి పిలిచే కాలమది. ఆ కంపెనీలో దాదాపు సగం మంది అలా వచ్చినవారే. తూటాలు అయిపోతున్న సమయంలో హెలికాప్టర్లు చెట్ల మీదుగా వచ్చి, కంబళ్లలో చుట్టిన పెట్టెలను జారవిడిచాయి. వెనుక శిబిరం నుంచి ఫిరంగులు మూడు వేలకు పైగా గుండ్లు పేల్చి వారి చుట్టూ గోడ కట్టినట్లు కాపాడాయి. 18 మంది చనిపోయారు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులకు సమాజం ముఖం చాటేసింది. 1987 అక్టోబరు 3న సిడ్నీలో వారికి స్వాగత యాత్ర జరిగేదాకా పదిహేనేళ్లు వారు ఆ బాధను మోశారు.

ఇటీవలి కాలంలో రెండు విషయాలు చెప్పాలి. 1999లో తూర్పు తైమూర్‌లో హింసను ఆపడానికి కాస్గ్రోవ్ నాయకత్వంలో వెళ్లిన అంతర్జాతీయ దళం, పెద్ద పోరు లేకుండానే ఆ పని నెరవేర్చింది. రెండోది చెప్పడానికి కష్టమైనదే. అఫ్ఘానిస్తాన్‌లో ప్రత్యేక దళాల సైనికులు 39 మంది బందీలను, పౌరులను అన్యాయంగా చంపారనడానికి నమ్మదగిన సమాచారముందని 2020 నవంబరులో బ్రెరెటన్ విచారణ నివేదిక వెల్లడించింది. ఆ విచారణ జరిపించినదీ, నివేదికను బయటపెట్టినదీ ఆ దేశ రక్షణ దళాలే. చెప్పుకోదగిన ఘట్టాల్లో దీనిని చేర్చకపోతే పిల్లలకు సగం చరిత్రే చెప్పినట్లు అవుతుంది.

ఇక మీ అమ్మాయి వ్యాసం. అందరూ దిగడం గురించి రాస్తారు కాబట్టి, తనను వెళ్లిపోవడం గురించి రాయమని నా సలహా. తుపాకీ అక్కర్లేదు, ఇంట్లో రెండు ఖాళీ టమాటా డబ్బాలు, ఒక గజం పురికొస ఉంటే చాలు. పై డబ్బాకు మేకుతో చిల్లు పెట్టి, కింది డబ్బాను తాడుతో ఒక చిన్న గంటకు కట్టమనండి. నీళ్లు పోసిన తర్వాత గంట మోగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోమనండి. తర్వాత సన్నటి సూదితో పెట్టిన చిల్లుతో మళ్లీ చేసి చూడమనండి. ఆ రెండు అంకెలనూ, షెల్ గ్రీన్ క్రికెట్ ఆటనూ, చింపి పరిచిన కంబళ్లనూ కలిపితే ఆమె వ్యాసానికి కావలసినంత ఉంటుంది.